మూడో కుప్ప

ఆ బడిలో ఆమెను సంచుల టీచర్ అనేవాళ్ళు. పిల్లలే కాదు, స్టాఫ్ రూములో తోటివాళ్ళు కూడా, ఆమె వినకపోయినా ఆమెకు తెలిసేటట్టు అనేవాళ్ళు. పొద్దున్నే గేటులోంచి వచ్చేటప్పుడు ఒక భుజానికి హ్యాండ్‌బ్యాగు, రెండో భుజానికి గుడ్డసంచి, చేతిలో మరో సంచి. నడుస్తుంటే గలగలమనేది. ఎవరైనా తొంగి చూస్తే అందులో ఉండేవన్నీ పారేయాల్సిన సరుకే. దర్జీని అడిగి తెచ్చిన జత లేని గుండీలు, తెగిన జిప్పులు, సీసా మూతలు, గులకరాళ్ళు, ఈకలు, గవ్వలు, భర్త రిపేరు బల్ల మీంచి ఏరుకొచ్చిన స్క్రూలు, వైరు ముక్కలు. ఆయన ఇంటి ముందుగదిలోనే ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు. అప్పుడప్పుడు ఒక స్క్రూ కనిపించక బల్లకింద దేవులాడి, చివరికి లోపలికి కేకేసి, సైన్సుకి వెళ్ళిందా అని అడిగేవాడు.

ఆమె మొదటినుంచీ అలా లేదు. చాలా ఏళ్ళు అందరిలాగే బోర్డు మీద రాసింది, పిల్లలు దించుకున్నారు, పరీక్షల్లో మళ్ళీ దింపారు. ఒకరోజు ఆరో తరగతిలో ఘనపదార్థాల పాఠం. నిర్వచనం అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో తడుముకోకుండా చెప్పింది. ఉదాహరణలు అడిగితే పుస్తకంలో ఉన్న మూడూ చెప్పారు. నాలుగోది చెప్పమంది. అందరూ పుస్తకాలు తిరగేశారు. వాళ్ళు కూర్చున్న బెంచీని ఆమె వేళ్ళతో కొట్టి చూపించి, మరి ఇదో అని అడిగింది. ముందు వరసలో పిల్లవాడు లేచి, పుస్తకంలో బెంచీ లేదు టీచర్ అన్నాడు. వెటకారం కాదు, పాపం, నిజంగానే చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. ఇన్నేళ్ళూ తను చెప్పింది సైన్సు కాదనీ, అర్థం తెలియకుండా అప్పజెప్పే పాటలాంటిదనీ అనిపించింది. ఆ వారమే దర్జీ దగ్గరికి వెళ్ళి గుండీలు అడిగింది.

మొదటి రోజు ఆమె అనుకున్నట్టు ఒక్కటీ జరగలేదు. బెంచీలు రెండేసి కలిపి, పిల్లల్ని జట్లు చేసి, ప్రతి జట్టు ముందూ ఒక పళ్ళెం నిండా ఆ కలగాపులగం పోసింది. మీకు తోచినట్టు వేరు చేయండి, ఎందుకలా చేశారో నాకు చెప్పండి, అంతే అంది.

ఎవరూ ముట్టుకోలేదు. కాసేపటికి ఒక చెయ్యి లేచింది.

"ఎన్ని కుప్పలు చెయ్యాలి టీచర్?"

"మీ ఇష్టం."

"ఇష్టమంటే ఎన్ని టీచర్?"

చివరికి మొదలుపెట్టారు. ఒక జట్టు రంగుల్ని బట్టి వేరు చేసింది. పక్క జట్టు అది చూసి అదే చేసింది, దాని పక్కదీ అంతే. ఒక జట్టు బాగున్నవన్నీ ఒకవైపు, బాగాలేనివన్నీ ఒకవైపు పెట్టి, బాగున్నవి మేము ఉంచేసుకోవచ్చా అని అడిగింది. వెనక బెంచీవాళ్ళు వేరు చేయడమంటే పంచుకోవడం అనుకున్నారు. తలా ఒక వాటా వేసుకుని, గవ్వ ఒక్కటే ఉండడంతో దానికోసం జుట్లు పట్టుకున్నారు. గుండీలు నేలమీద దొర్లాయి. పక్కగదిలో లెక్కలు చెప్పే సారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అలా చేతులు కట్టుకుని చూసి, వెళ్ళిపోయి, తన తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు చప్పుడు ఆమెకు తిట్టులాగే వినిపించింది.

మర్నాడు పెద్ద మేడమ్ పిలిపించింది. పెద్ద మేడమ్ అంటే ప్రధానోపాధ్యాయురాలు. చెడ్డమనిషి కాదు. ఎంతమంది పాసయ్యారని పైనుంచి అడిగితే లేచి నిలబడి జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. పిల్లల్ని ఆడించడం మంచిదేననీ, కానీ సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందో కూడా చూసుకోవాలనీ, గోడలు పల్చన కాబట్టి శబ్దం తక్కువ చేయాలనీ మెత్తగానే చెప్పింది. ఆమె తలూపి వచ్చేసింది. మెత్తగా చెప్పినవాళ్ళతో పోట్లాడటం ఎలాగో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు.

అయినా మానలేదు. శబ్దం తగ్గడానికి పళ్ళేలకింద పాత తువ్వాళ్ళు పరిచింది. మొదట అడ్డదిడ్డంగా ఉన్నా, వారాలు గడిచేకొద్దీ పిల్లల చేతులు కుదురుకున్నాయి. గరుకూ నునుపూ అనడం మొదలుపెట్టారు. నీళ్ళలో తేలేవీ మునిగేవీ వేరు చేశారు. ఆమెకు కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టయింది. అంతలో అయస్కాంతం పాఠం వచ్చింది.

ఆ రోజు కావాలనే ఒక స్టీలు చెంచా కలిపింది. ఇంట్లో అన్ని చెంచాలకూ అయస్కాంతం తగిలించి చూసి, అంటుకోనిదాన్ని ఏరి మరీ తెచ్చింది. మెరుస్తుంది, గట్టిగా ఉంటుంది, చూస్తే ఇనుములాగే ఉంటుంది, కానీ అంటుకోదు. పిల్లలు ఆశ్చర్యపోతారనీ, ఎందుకని అడుగుతారనీ ఆమె ఆశ. ఒక జట్టు దగ్గర నిలబడి చూసింది. ఒక పిల్ల చెంచాకు అయస్కాంతం ఆనించింది. అంటుకోలేదు. తిప్పి ఆనించింది. అంటుకోలేదు. తర్వాత నింపాదిగా నోటుబుక్కులో "చెంచా: అంటుకుంటుంది" అని రాసుకుంది.

ఇప్పుడేగా నువ్వు చూశావు, అంటుకోలేదు కదా అని ఆమె అడిగింది.

"మాగ్నెట్ పాడైపోయింది టీచర్. గైడులో అంటుకుంటుందనే ఉంది."

ఆమె అయస్కాంతాన్ని మేకుకు ఆనించి చూపించింది. మేకు టక్కున అతుక్కుంది. పిల్ల మేకునూ చూసింది, చెంచానూ చూసింది, నోటుబుక్కు మీద మాత్రం చెయ్యి తియ్యలేదు. కొట్టేయమంటే కొట్టేసింది. ఆమె అటు తిరగ్గానే మళ్ళీ రాసుకుంది. కళ్ళతో చూసినదానికంటే అచ్చులో ఉన్నదాన్ని నమ్మే పిల్లలకు ఇంకేం చూపించాలో తెలియక, ఆ పూట స్టాఫ్ రూములో అన్నం గిన్నె తెరిచి, మళ్ళీ మూత పెట్టేసింది.

ఆ క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. తోటిపిల్లలు నత్త అని పిలిచేవాళ్ళు. బోర్డు మీదిది అందరూ దించుకుని పుస్తకాలు మూసేసినా, ఆ పిల్ల ఇంకా రెండో వాక్యంలోనే ఉండేది. మందమతి కాదు. ఏదైనా చేతికొస్తే పూర్తిగా చూస్తేనేగానీ వదలదు. తల్లి ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది. తండ్రి లేడు. తల్లి ప్రాణమంతా ఆ పిల్ల మార్కుల మీదే.

సజీవాలూ నిర్జీవాల పాఠానికి టీచర్ చిక్కుడు గింజలు తెచ్చింది. ముందురోజు వాటిలో సగం తీసి మూకుడులో సన్నసెగ మీద వేయించి, చల్లార్చి, పచ్చివాటితో కలిపేసింది. రంగు పెద్దగా తేడా రాలేదు. ఆమె అత్తగారు పొయ్యి దగ్గరికి వచ్చి, ఉప్పూ కారం లేకుండా ఎవరికోసమమ్మా ఈ వంట అని అడిగింది. పిల్లలకోసమని చెబితే, పాపం పిల్లలు అని వెళ్ళిపోయింది.

క్లాసులో గులకరాళ్ళు, ఈకలు, ఆకులు, గింజలు పళ్ళేల్లో పోసింది. అందరూ గబగబా రెండు కుప్పలు చేశారు. గింజలన్నీ సజీవాల్లో పడ్డాయి, అలా ఉందని పుస్తకంలో చదివారు కాబట్టి. నత్త జట్టులో మాత్రం గొడవ. మిగతావాళ్ళు రెండు కుప్పలు చేసేసి చేతులు కట్టుకు కూర్చుంటే, ఈ పిల్ల గింజల్ని ఒక్కొక్కటే తీసి పెన్సిలు డబ్బా మూతలోకి మారుస్తోంది. ఇదేమిటని టీచర్ అడిగింది.

"వీటి సంగతి ఇప్పుడే చెప్పలేను టీచర్. కొన్ని వేరే వాసన వస్తున్నాయి. పైకి చూస్తే అన్నీ ఒకటేలా ఉన్నాయి. అందుకని మూడో కుప్ప పెట్టాను."

టీచర్‌కు ఆ క్షణంలో ఆ పిల్లను ఎత్తుకోవాలనిపించింది. ఎత్తుకోలేదు. మరి ఎలా తెలుసుకుంటావని అడిగింది. నత్త చాలాసేపు ఆలోచించి, నానబెట్టి చూడాలంది. క్లాసంతా చుట్టూ చేరింది. ఆ సంవత్సరంలో మొదటిసారి, ఏది కరెక్టు టీచర్ అని ఎవరూ అడగలేదు. కొందరు అన్నీ మొలుస్తాయని, కొందరు ఒక్కటీ మొలవదని పందేలు వేసుకున్నారు. తడిగుడ్డలో గింజలు చుట్టి, కిటికీ గట్టుమీద పళ్ళెంలో పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని కాగితం అంటించారు.

తర్వాత వరసగా సెలవులు వచ్చాయి. తిరిగి వచ్చేసరికి కిటికీ గట్టు ఖాళీగా, ఫినాయిలు వాసనతో తళతళలాడుతోంది. ఊడ్చే ఆయమ్మను అడిగితే, ఆమె దాచుకోకుండా చెప్పింది. ఎవరో పెద్దవాళ్ళు బడి చూడటానికి వస్తారనీ, గదులు కడగమనీ పెద్ద మేడమ్ చెప్పిందట. పళ్ళెంలో గుడ్డ కుళ్ళు కంపు కొడుతుంటే తీసి పారేసిందట.

"మీ సామానని తెలుసు మేడమ్. కానీ మాట పడేది నేను కదా."

ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. మళ్ళీ నానబెడదామనుకుంటే పెద్ద మేడమ్ క్లాసుల్లో నీళ్ళ పనులు వద్దంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఏమైందో తెలియకుండానే గింజల కథ ఆగిపోయింది. కొన్నాళ్ళు పిల్లలు అడిగారు. తర్వాత మానేశారు.

పరీక్ష పేపర్లు బడిలో టీచర్లు ఒకరి క్లాసువి ఒకరు దిద్దేవాళ్ళు. ఆరో తరగతి సైన్సు పై తరగతుల సీనియర్ సారు దగ్గరికి వెళ్ళింది. దిద్దిన పేపర్లు పంచే రోజు నత్త తన పేపరు తీసుకుని, ఒక పేజీ దగ్గర వేలు పెట్టి అలాగే కూర్చుండిపోయింది. టీచర్ వెళ్ళి చూసింది. కింది వాటిని సజీవాలు, నిర్జీవాలుగా విడదీయుము అన్న ప్రశ్న. రాయి, చేప, చెట్టు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. విత్తనం దగ్గర మాత్రం గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "చూసి చెప్పలేము. నానబెట్టాలి. మేము నానబెట్టాము కానీ పారేశారు." దాని చుట్టూ ఎర్రసిరాతో పెద్ద సున్నా.

ఆ బడిలో పరీక్ష తర్వాత పిల్లల్ని మార్కుల్ని బట్టి రెండు సెక్షన్లు చేసేవాళ్ళు. నత్త ఒకే ఒక్క మార్కు తేడాతో రెండో సెక్షన్‌లో పడింది.

మర్నాడు తల్లి వచ్చింది. దుకాణానికి వెళ్ళే చీరలోనే, చేతిలో ఆ పేపరుతో. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి గొంతు పెంచకుండానే మాట్లాడింది.

"మా పిల్ల ఇంట్లో ఈ జవాబు సజీవం అని నాకు అప్పజెప్పింది మేడమ్. నేనే విన్నాను. పరీక్షలో ఎందుకిలా రాశావంటే, టీచర్ ఇలాగే ఆలోచించమన్నారు అంటోంది. మీరు చెప్పింది తప్పా, రైటా?"

"రైటేనమ్మా."

"రైటయితే మార్కేది?"

టీచర్ పేపరు అందుకుంది. కనుక్కుంటానంది. లోపల లెక్కల సారు పేపర్లలోకి తల ఇంకా వంచేసుకున్నాడు.

సీనియర్ సారు తన గదిలో ఉన్నాడు. ఆమె పేపరు ముందు పెట్టి, ఆ జవాబు ఎందుకు తప్పు కాదో చెప్పింది. వేయించిన గింజలూ పచ్చి గింజలూ కలిపిన సంగతి, మూడో కుప్ప సంగతి, ఆ పిల్లకు ఊరికే చూసి చెప్పడం కుదరని సంగతి అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. అదే ఆమెకు ఇంకా మంట పుట్టించింది.

"మీరన్నది నాకు అర్థమైందమ్మా. నిజానికి పిల్ల బాగా ఆలోచించింది. కానీ జవాబుల కీలో సజీవం అని ఉంది. నేను దిద్దేది పేపర్లు, కీ కాదు."

పెద్ద మేడమ్ దగ్గరా అంతే. ఒక్క మార్కు మారిస్తే రేపు గుమ్మం ముందు తల్లిదండ్రులు బారులు తీరతారనీ, ఎవరికి ఏమని చెప్పాలనీ అడిగింది. పైగా మెత్తగానే ఇంకో మాట కలిపింది. పిల్లలు ప్రశ్నలు అడగడం మంచిదే, కానీ జవాబు రాయాల్సిన చోట ప్రశ్న రాస్తే వాళ్ళే నష్టపోతారు, ఇకనుంచి ఈ పళ్ళేల పనులు శనివారం ఆఖరి పీరియడ్‌లో పెట్టుకో అంది. ఆ పీరియడ్‌లో సగంమంది పిల్లలు బస్సుల కోసం ముందే వెళ్ళిపోతారని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం ఇంటికొచ్చి సంచులు రెండూ నేలమీద బోర్లించింది. గుండీలు, స్క్రూలు, ఈకలు, గవ్వలు గదంతా పరుచుకున్నాయి. చీపురు తెచ్చి అన్నీ కలిపి మూలకు ఊడుస్తుంటే భర్త బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చాడు. ఏమైందని అడిగితే చెప్పింది. ఆయన గుమ్మానికి ఆనుకుని అంతా విని, ఆ సీనియర్ సారు మిక్సీ తన దగ్గరికి వస్తే, రిపేరు కీలో లేదని వెనక్కి పంపుతానన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. నవ్వించాలని చూసినందుకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

"నేను నేర్పకపోతే ఆ పిల్ల మొదటి సెక్షన్‌లో ఉండేదండీ. నేర్పినందుకే వెనక్కి పోయింది. ఇది ఎవరికి చెప్పుకోవాలి?"

ఆయన కిందకి వంగి స్క్రూలు ఏరసాగాడు. కాసేపటికి అత్తగారు కూడా ముక్కాలిపీట లాక్కుని కూర్చుని గుండీలు ఏరడం మొదలుపెట్టింది. జాకెట్టు గుండీలు వేరే, చొక్కా గుండీలు వేరే. కొడుకు ఇత్తడి గుండీ ఒకటి తీసి తన స్క్రూల్లో వేసుకుంటే, గుండీలు గుండీల్లోనే ఉండాలని అత్తగారు, లోహమైతే లోహంలో ఉండాలని ఆయన. కోడలు చీపురు పట్టుకుని వాళ్ళను చూస్తూ నిలబడింది. ఇంట్లో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేకుండా వచ్చిన వాదన, బడిలో ఏడాదంతా రప్పించడానికి తల ప్రాణం తోకకొచ్చిందని అనుకుంది. ఊడ్చిపారేయలేదు. మళ్ళీ సంచుల్లోకి ఎత్తింది, విసురుగానే.

నత్త తల్లికి ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. తల్లి విని, పేపరు తీసుకుని మడిచి పర్సులో పెట్టుకుంది. ఇంకెప్పుడూ మా పిల్లకు అలాంటివి చెప్పకండి మేడమ్ అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

రెండో సెక్షన్‌కు వేరే టీచర్. కొన్నాళ్ళదాకా నత్త కనిపిస్తే పక్కకు తప్పుకునేది. ఒకరోజు మధ్యాహ్నం చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఎదురుపడింది. అటూ ఇటూ చూసి, ఆ గింజల సంగతి చివరికి ఏమైంది టీచర్ అని అడిగింది. వాటిలో సగం వేయించినవన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. తల్లి మాటా గుర్తుకొచ్చింది. చివరికి తల్లి వద్దన్న మాటకు అడ్డం వెళ్ళి, మర్నాడు రెండు రకాల గింజలూ కలిపి తెచ్చింది. కుళాయిల వెనక, ఎవరూ ఊడ్వని గోడమూలలో, పగిలిన మగ్గులో తడిగుడ్డలో పెట్టారు. నత్త రోజూ అన్నం తిన్నాక వచ్చి చూసుకునేది.

కొన్ని మొలకెత్తాయి. కొన్ని మెత్తబడి కుళ్ళిపోయాయి. టీచర్ కలిపిన లెక్క ప్రకారం పచ్చివాటిలో కూడా ఒకటి రెండు మొలవలేదు. ఆ పిల్ల మగ్గు ముందు గొంతుక్కూర్చుని వాటినే చూసింది.

"అయితే చూసి చెప్పలేమన్న మాట రైటే కదా టీచర్?"

"రైటే."

"ఇప్పుడు మార్కు కలుపుతారా?"

"కలపరు."

నత్త మొలకల మీద తడిగుడ్డ కప్పి, పోనీలెండి టీచర్ అంది. తనకు సర్దిచెబుతోందని టీచర్‌కు అర్థమైంది. ఆరో తరగతి పిల్ల పెద్దమనిషిలా తనకు సర్దిచెప్పాల్సి వచ్చినందుకు ఆమెకు కళ్ళు మండాయి. కుళాయి తిప్పి మొహం కడుక్కుంది.

ఆ ఏడాది తర్వాత కూడా ఆమె సంచులు మోయడం మానలేదు. శనివారం ఆఖరి పీరియడ్‌లో మిగిలిన పిల్లలతోనే చేయించేది. బస్సు పిల్లలు కిటికీలోంచి చూస్తూ వెళ్ళేవాళ్ళు. సజీవాలూ నిర్జీవాల పాఠం మళ్ళీ వచ్చింది. పరీక్షలో మళ్ళీ అదే ప్రశ్న వస్తుందని, కీలో మళ్ళీ అదే జవాబు ఉంటుందని ఆమెకు తెలుసు. ఇంకో పిల్లను బలిపెట్టే ధైర్యం ఆమెకు లేకపోయింది.

అందుకని ఆ రోజు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనని మాట అంది. విత్తనం దగ్గర పరీక్షలో సజీవం అని రాయండి. కానీ నిజంగా ఒక గింజ మీ చేతిలోకి వస్తే, అది బతికుందో లేదో చూసి చెప్పేయకండి, నానబెట్టి తెలుసుకోండి అంది. ఆ రెండు వాక్యాలూ ఒకే నోటితో చెప్పినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. పిల్లలు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా రెండూ వరసగా రాసుకున్నారు. రాసుకున్నాక ఒక చెయ్యి లేచింది.

"టీచర్, రెండోది కూడా ఇంపార్టెంటా?"

అదే ఇంపార్టెంట్ అంది. పిల్లలందరూ స్కేళ్ళు తీసి, దానికింద ఎర్రగీత గీసుకున్నారు.